ఏడు రోడ్ల జంక్షన్ టీకొట్ల సామర్థ్యంపై మధ్యంతర నివేదిక

మా ఆఫీసు పేరు చెప్పను. శ్రీకాకుళంలోనే ఉంది, అంతవరకు చాలు. పోయిన నెల పైనుంచి కాగితం వచ్చింది, సెక్షన్ల సామర్థ్యాన్ని ఇకమీదట డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్ అనే పద్ధతిలో కొలవాలని. ఎన్వలప్ అన్న మాట కనబడగానే మా సూపరింటెండెంట్ గారు ఇండెంట్ పెట్టి రెండు వందల కవర్లు తెప్పించేశారు. ఆ కవరు వేరు, ఈ కవరు వేరు అని తెలిసేసరికి సగం కవర్లు పెళ్లి చదివింపుల కింద ఖర్చయిపోయాయి.

లెక్క చేసే బాధ్యత నామీద పడింది. విషయం గంభీరమైనది కాబట్టి చరిత్ర నుంచి వస్తాను.

1957లో ఫారెల్ అనే ఆయన ఒక సంగతి చెప్పాడు: ఎవరి పనితనాన్నైనా గాల్లో ఉన్న ఆదర్శంతో కాదు, కళ్లెదురుగా బాగా చేస్తున్నవాడితో పోల్చి చూడాలని. మన ఇళ్లల్లో పక్కింటి కుర్రాడి మార్కులు చెప్పి తిట్టడం అంతకు ముందునుంచే ఉంది గాని మనవాళ్లు పేపరు రాయలేదు. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు దాన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ అనే లెక్కల పద్ధతిలో పెట్టారు. రోడ్స్ అప్పట్లో కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ పని మీద ఉన్నాడు, అమెరికాలో పేదపిల్లల బడుల పథకం ఒకటి చేతిలో ఉంది. పిల్లలకి చదవడం ఎంత వచ్చింది, లెక్కలు ఎంత వచ్చాయి, ఆత్మగౌరవం ఎంత పెరిగింది అన్నవి ఫలితాలు. మరి ఆత్మగౌరవం కేజీ ఎంత? ఎవరికీ తెలీదు. అందుకని వాళ్లు ఏమన్నారంటే, ఏ బడికి ఏ తూనికరాయి అనుకూలమో ఆ రాయే వేసుకోమనండి, అదే రాయితో పక్క బడిని కూడా తూచుదాం, అప్పటికీ పక్కవాళ్లదే ఎక్కువ తూగితే ఇక వీళ్లు నోరు మూసుకోవాలి, అని. ఎవరూ మించకపోతే స్కోరు ఒకటి, మించితే సున్నాకీ ఒకటికీ మధ్య. నిజం చెప్పాలంటే చాలా దయగల ఆలోచన, నాకు నచ్చింది.

కొలిచేదాన్ని ఈ పద్ధతిలో 'డెసిషన్ మేకింగ్ యూనిట్' అంటారు, అంటే నిర్ణయం తీసుకునే యూనిట్. వచ్చిన ప్రతి కాగితాన్నీ 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఇంకో బల్లకి తోసే మా సెక్షన్‌ని ఇంత పెద్దమాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆఫీసు మీద ప్రయోగించే ముందు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మూడు టీకొట్ల మీద చేసి చూశాను (డ్యూటీ టైములోనే, అది కూడా డ్యూటీయే కదా). మొదటి కొట్లో ఇద్దరు మనుషులు, రోజుకి 200 టీలు. రెండో కొట్లో నలుగురు, 300. మూడో కొట్లో ముగ్గురు, 150. మనిషికి ఇన్ని టీలు అని చూసి, అందరికంటే ఎక్కువ వచ్చినవాణ్ని ఒకటి అనుకుంటే, మొదటివాడికి 1, రెండోవాడికి 0.75, మూడోవాడికి 0.5.

మూడోవాడు ఊరుకుంటాడా? "టీ ఒకటే సూస్తారేటి బాబూ, నా కొట్టు కాడ పేపరు సదివి గవర్మెంటు మార్సి ఎల్తన్నారు జనం" అన్నాడు. న్యాయమే. రెండో ఫలితంగా కబుర్లకి కూర్చునేవాళ్ల లెక్క చేర్చాను: మొదటి కొట్లో ఎవరూ లేరు, రెండో కొట్లో 20, మూడో కొట్లో 45. మూడోవాడు టీ మీద బరువు సున్నా పెట్టేసి మొత్తం కబుర్ల మీదే వేసుకున్నాడు, పద్ధతి ఒప్పుకుంటుంది. స్కోరు 0.5 నుంచి తిన్నగా 1. రెండోవాడు పాపం టీలూ పోశాడు, కబుర్లూ భరించాడు, 0.92 దగ్గర ఆగిపోయాడు. అతను ఎవర్ని చూసి నేర్చుకోవాలో కూడా లెక్కే చెబుతుంది: కొంత మొదటివాడిలా, కొంత మూడోవాడిలా ఉండాలట. అతను చేస్తున్నది అదేగా!

దీనికీ మందుంది. 1984లో బ్యాంకర్ అనే ఆయన చార్న్స్, కూపర్‌లతో కలిసి, చిన్నకొట్టుని పెద్దకొట్టుతో పోల్చడం అన్యాయం అని సవరణ తెచ్చాడు. ఆ సవరణలో అందరికంటే తక్కువ మనుషులున్నవాడికి ఏం పనిచేశాడని అడక్కుండా 1 వస్తుంది. అందరికంటే ఎక్కువ టీలు పోసినవాడికి ఎంతమందిని పెట్టావని అడక్కుండా 1 వస్తుంది. అలా నలుగురు మనుషుల మీద రెండోవాడు కూడా గట్టెక్కాడు. ముగ్గురికీ ఒకటే.

అప్పుడర్థమైంది నాకు ఆఫీసులో ఏం చెయ్యాలో. యూనిట్లు ఎన్నుండాలంటే, పెట్టుబడులూ (మనుషులు, కరెంటు లాంటివి) ఫలితాలూ కలిపి ఎన్ని కొలతలున్నాయో దానికి కనీసం మూడు రెట్లు ఉండాలని ఒక వాడుక సూత్రం. మాకు సెక్షన్లు తొమ్మిది. నేను కొలతలు ఏడు పెట్టాను, అంటే 21 సెక్షన్లు ఉండాలి. ఎవరి రాయి వాళ్లకి దొరికింది, తొమ్మిదింటికీ 1 వచ్చింది. పదిహేను రోజులు ఫైలు కదలని సెక్షన్ కూడా 'కరెంటు తక్కువ వాడకం'లో అగ్రస్థానంలో నిలిచింది. సార్ స్లైడ్లు చూసి చాలా సంతోషించారు.

ఒక్కచోట మాత్రం నవ్వు రాలేదు. ఇదే లెక్క రైతుల మీద వేద్దాం అన్నారెవరో. అసలు మోడల్లో దురదృష్టానికి గడి లేదు, బాగా చేసినవాళ్లని కలిపి గీసిన గీత కింద మిగిలిందంతా అసమర్థతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టింది కదా, ఆ ఏడాది దిగుబడి పెడితే ఆ రైతుకి ఏదో ఒక దశాంశం ఇచ్చి, కోనసీమ రైతుని చూసి నేర్చుకో అంటుంది. ఆ ఫైలు నేనే కింద పెట్టేశాను, మా సామర్థ్యం మీకు తెలుసుగా.

నిన్న సాయంత్రం మూడో కొట్టుకెళ్లి, నీకు ఒకటి వచ్చిందోయ్ అని చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు. వందకి ఒకటి అనుకున్నాడని నాకు తట్టలేదు.

"మరి ఆ ముందు కొట్టోడికో?" అన్నాడు.

"అతనికీ ఒకటే."

"పోన్లెండి బాబూ, ఆడికీ ఎక్కువ రానేదు కదా" అని అల్లం టీ చేతికిచ్చాడు.