టిప్పు ఎగ్గొడితే నష్టపోయేది యజమాని కాదు

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కొత్తగా చదువుకోడానికి వచ్చిన పిల్లలకు సీనియర్లు అదే చెబుతారు. కొడుకునో కూతుర్నో చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు కూడా రెస్టారెంట్ బిల్లు చూసి అదే అంటారు. సారాంశం ఇది: “టిప్పు ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పలేదు. టిప్పు రాకపోతే కనీస వేతనం యజమానే ఇచ్చుకోవాలి. డెలివరీకి ఫీజు కట్టనే కట్టాం. పైగా ఇప్పుడు టిప్పుల మీద ట్యాక్స్ కూడా తీసేశారు. అందరం కలిసి మానేస్తే యజమానులే దారికొచ్చి జీతాలు పెంచుతారు.”

చదవగానే సబబుగానే అనిపిస్తుంది. ఇందులో ఒకటి రెండు మాటలు నిజం కూడా. కానీ ఆ నిజాలను అడ్డుపెట్టుకుని చివరికి మన చేత చేయించే పని మాత్రం అన్యాయం. రోజంతా నిలబడి పనిచేసే మనిషి పొట్టకొట్టి, యజమానికి బుద్ధి చెప్పామని అనుకోమంటోంది. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

“టిప్పు రాకపోతే కనీస వేతనం యజమానే ఇవ్వాలి”

చట్టంలో ఈ మాట ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది మారలేదు. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు మాత్రం యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. మిగతా 5.12 డాలర్లు టిప్పుల రూపంలో వస్తాయని లెక్క. దీన్ని టిప్ క్రెడిట్ అంటారు. 1966లో చట్టంలోకి వచ్చింది. 2.13 అనే అంకె 1991 నాటిది. మొదట్లో అది కనీస వేతనంలో ఇంత శాతం అని ఉండేది, కాబట్టి కనీస వేతనం పెరిగితే ఇదీ పెరిగేది. 1996లో కాంగ్రెస్ ఆ ముడి తెంపేసి, 2.13 దగ్గరే ఆపేసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా అంతే. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో ఈరోజుకీ నడుస్తున్నది ఈ 2.13 డాలర్లే. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, అట్లాంటా, షార్లెట్ ఈ రాష్ట్రాల్లోవే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక సర్వర్ వారానికి 30 గంటలు పనిచేస్తుందనుకోండి. యజమాని ఇచ్చేది 63.90 డాలర్లు. కనీస వేతనం ప్రకారం ఆమెకు రావలసింది 217.50. మధ్యలో తేడా 153.60. ఆ వారం టిప్పులన్నీ కలిపి 153.60కి చేరకపోతేనే యజమాని జేబులోంచి డబ్బు తీయాలి. ఇది ఏ టేబుల్‌కి ఆ టేబుల్‌గానో, ఏ రోజుకారోజుగానో చూసే లెక్క కాదు, వారం మొత్తానికి చూసేది. సోమవారం మధ్యాహ్నం ఖాళీగా గడిచిన నాలుగు గంటలకు శుక్రవారం రాత్రి వచ్చిన టిప్పులు సర్దుబాటైపోతాయి.

ఆమెకు ఆ వారం టిప్పులు 400 డాలర్లు వచ్చాయనుకుందాం. మీరు మీ 15 డాలర్లు ఇవ్వలేదు. అప్పుడు 385 అయ్యాయి. యజమాని ఇవ్వాల్సింది ఒక్క సెంటైనా పెరిగిందా? లేదు. ఆ 15 డాలర్లూ పూర్తిగా ఆమెకే పోయాయి. యజమానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆయన చేత డబ్బు తీయించాలంటే, ఆ వారంలో ఆమె టేబుళ్ల దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామంది కలిసి టిప్పు మానేయాలి. అలా మానేసినా ఆమెకు చివరికి దక్కేది గంటకు 7.25. ఏడాది పొడవునా వారానికి 40 గంటలు చేసినా 15,080 డాలర్లు. ఆ డబ్బుతో అమెరికాలో అద్దె ఎలా కడతారో ఆ సందేశం రాసినవాళ్లు చెప్పరు.

ఇక ఆ తేడానైనా యజమానులు నిజంగా ఇస్తున్నారా? 2010 నుంచి 2012 వరకు అమెరికా కార్మిక శాఖ దాదాపు 9,000 రెస్టారెంట్లలో తనిఖీలు చేస్తే 84 శాతం చోట్ల ఏదో ఒక వేతన ఉల్లంఘన బయటపడింది. పనివాళ్లకు రావలసిన బకాయిలు 5.6 కోట్ల డాలర్లు దాటాయి. “నాకు ఈ వారం 40 డాలర్లు తక్కువొచ్చాయి” అని మేనేజర్‌ని అడిగిన సర్వర్‌కి వచ్చే వారం షిఫ్టులు తగ్గిపోతే అడిగే దిక్కు ఎవరు?

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. అలాస్కా, కాలిఫోర్నియా, మినెసోటా, మోంటానా, నెవాడా, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో టిప్ క్రెడిట్ లేదు. అక్కడ సర్వర్లకు రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా ఇచ్చి తీరాలి. కాబట్టి వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో ఉన్నవాళ్లు నేను పైన చెప్పిన లెక్కను అలాగే వాడుకోలేరు, ఒప్పుకుంటాను. అయితే సియాటిల్ స్నేహితుడు పెట్టిన మెసేజ్ చూసి డాలస్‌లో టిప్పు మానేసేవాళ్లు ఉన్నారు. నా బాధ వాళ్లతోనే.

“సర్వీస్ బాగుంటేనే ఇస్తాం, అది మా ఇష్టం”

చట్టప్రకారం మీ ఇష్టమే, కాదనను. కానీ “సర్వీస్ బాలేదు” అని మనం దేన్ని అంటున్నాం? వంట ఆలస్యమైతే అది వంటింట్లో జరిగింది. ఒక్క సర్వర్‌కి పది టేబుళ్లు అప్పజెప్పింది మేనేజర్. కార్నెల్ యూనివర్సిటీలో టిప్పుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మైకేల్ లిన్ తేల్చిందేమిటంటే, టిప్పుల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో సర్వీస్ బాగోగుల వాటా 5 శాతం కూడా ఉండదు. అంటే “బాగా చేస్తే ఇస్తాం” అని అందరం అంటాం గానీ, నిజానికి అలా ఇవ్వం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. షిఫ్టు అయిపోయాక సర్వర్ తన టిప్పుల్లోంచి టేబుళ్లు తుడిచే బస్సర్‌కి, బార్‌టెండర్‌కి, హోస్ట్‌కి వాటా పంచాలి. టిప్ అవుట్ అంటారు. చాలా చోట్ల ఈ వాటా వచ్చిన టిప్పుల మీద కాదు, అమ్మకాల మీద లెక్కేస్తారు. అమ్మకాల్లో 3 శాతం అనుకుంటే, మన పన్నెండుమంది గుంపు కూర్చుని 300 డాలర్ల బిల్లు చేసి సున్నా టిప్పు రాసి లేచిపోతే, ఆ టేబుల్ పేరు మీద ఆమె 9 డాలర్లు పంచాల్సిందే. వేరే టేబుల్ వాళ్లు ఇచ్చిన దాంట్లోంచి తీసి ఇస్తుంది. అంటే రెండు గంటలు మనకు నీళ్లూ ప్లేట్లూ అందించినందుకు తనే ఎదురు కట్టుకున్నట్టు. సున్నా టిప్పు అంటే ఆమెకు ఏమీ రాకపోవడం మాత్రమే కాదు, చేతిలోది పోవడం.

మనవాళ్ల గుంపు తలుపు తీసుకుని వస్తుంటే సర్వర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని బాధపడేవాళ్లను చూశాను. ఆ పేరు మనకు ఊరికే రాలేదు.

“18 డాలర్లంటే పదిహేను వందల రూపాయల పైమాటే!”

ఇది సందేశంలో ఉండదు, టేబుల్ దగ్గర వినిపిస్తుంది. జీతం డాలర్లలో తీసుకుంటూ టిప్పు దగ్గరకొచ్చేసరికి మాత్రం రూపాయల్లోకి మార్చడం న్యాయం కాదు. ఆమె అద్దె, పాలు, పెట్రోలు అన్నీ డాలర్లలోనే.

“డెలివరీ ఫీజు కట్టేశాం కదా, మళ్లీ టిప్పు ఏంటి?”

ఆ ఫీజు డ్రైవర్‌కి వెళ్తుందనుకోవడం వల్ల వచ్చిన మాట ఇది. అది కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది. డామినోస్ అయితే డెలివరీ చార్జీ డ్రైవర్‌కిచ్చే టిప్పు కాదని తనే రాసి చెబుతుంది. మనం చదవం, అంతే.

యాప్‌ల కోసం డెలివరీ చేసేవాళ్ల పరిస్థితి సర్వర్ల కంటే అధ్వాన్నం. వాళ్లు ఉద్యోగులు కారు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు. ఫెడరల్ కనీస వేతన చట్టం వాళ్లకు వర్తించదు. కాబట్టి “మిగతాది యజమాని ఇస్తాడు” అనే మాట ఇక్కడ పూర్తిగా తప్పు. కింద చెప్పబోయే న్యూయార్క్ లాంటి చోట్ల తప్ప, మిగతాది ఇచ్చే యజమానే లేడు. కారు వాళ్లది, పెట్రోలు వాళ్లది, ఇన్సూరెన్సు వాళ్లది. సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను), మెడికేర్ (పెద్దవాళ్ల వైద్య బీమా) పన్నులకు ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ కలిపి 15.3 శాతం వాళ్లే కట్టుకోవాలి.

డ్రైవర్ ఫోన్‌లో ఏం కనిపిస్తుందో చూడండి. ఆర్డర్ వచ్చినప్పుడు ఎంత దూరం, ఎంత వస్తుంది అని స్క్రీన్ మీద పడుతుంది. ఒప్పుకోడానికి కొన్ని సెకన్లే టైమ్. డోర్‌డాష్ అనే డెలివరీ యాప్‌లో బేస్ పే (టిప్పు కాకుండా కంపెనీ ఇచ్చేది) 2 డాలర్ల నుంచి మొదలవుతుంది. టిప్పు లేని ఆర్డర్‌కి ఆరు మైళ్లు, రెండున్నర డాలర్లు అని కనిపించిందనుకోండి. వెళ్లి రావడానికి 12 మైళ్లు. కారు ఖర్చు కింద అమెరికా ఆదాయపన్ను శాఖ ఐఆర్ఎస్ 2025కి ఒప్పుకున్న రేటు మైలుకు 70 సెంట్లు. అంటే కారుకే 8.40 అవుతుంది. ఆ ఆర్డర్‌ని ఎవరు తీసుకుంటారు? ఒకరు కాదంటే ఇంకొకరికి, వాళ్లూ కాదంటే మరొకరికి తిరుగుతూ ఉంటుంది. ఈలోగా మీ భోజనం రెస్టారెంట్ అరలో చల్లారిపోతుంది. చివరికి ఎవరో బేరం లేక టెన్షన్‌లో ఉన్నవాళ్లు తీసుకుంటారు. వేడిగా రాలేదని మనం వాళ్లకే తక్కువ స్టార్లు ఇస్తాం.

“టిప్పులు కంపెనీలే మింగేస్తాయి” అనేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు జరిగింది. అమెజాన్ తన ఫ్లెక్స్ డెలివరీ డ్రైవర్ల టిప్పులు దారి మళ్లించిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2021లో 6.17 కోట్ల డాలర్లు తిరిగి కట్టించే ఒప్పందం చేయించింది. డోర్‌డాష్ కూడా టిప్పును తను హామీ ఇచ్చిన మొత్తంలో కలిపేసుకునేది. గోల లేచాక 2019లో ఆ పద్ధతి మార్చుకుంది. ఈ కేసులు తేల్చిందేమిటి? టిప్పు పనివాళ్లదే, దాన్ని కంపెనీ తాకకూడదని. రెస్టారెంట్ యజమానులు, మేనేజర్లు పనివాళ్ల టిప్పులు ఉంచుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టమే స్పష్టంగా చెప్పింది.

“టిప్పుల మీద ట్యాక్స్ లేదు, వాళ్లకే నయం”

2025 జూలైలో వచ్చిన చట్టం టిప్పుల్లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఆదాయంలోంచి మినహాయించుకోనిస్తుంది. 2028 వరకే. అది ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్‌కి మాత్రమే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఎప్పటిలాగే ఉంటాయి. చాలామంది సర్వర్లు 10 శాతమో 12 శాతమో ట్యాక్స్ పడే ఆదాయంలో ఉంటారు. అసలు ట్యాక్స్ పడనంత తక్కువ సంపాదించేవాళ్లూ ఉన్నారు. అంటే వాళ్లకు డాలర్‌కి మిగిలేది మహా అయితే పన్నెండు సెంట్లు. ఆ పన్నెండు సెంట్లు మిగిలాయని చెప్పి మొత్తం డాలర్ ఎగ్గొట్టమంటున్నారు.

“అందరం మానేస్తే జీతాలు పెరుగుతాయి”

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇదే. పైకి కార్మికుల పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం తప్ప ఇందులో ఏమీ లేదు.

అమెరికాలో ఈ పద్ధతి మారిన చోటల్లా ఓట్లతో, చట్టాలతో మారింది. వాషింగ్టన్ డీసీలో 2022లో ప్రజలు ఓటేసి సర్వర్ల తక్కువ వేతనాన్ని క్రమంగా ఎత్తేయమన్నారు. ఆ తర్వాత 2025లో కౌన్సిల్ దానికి బ్రేకులు వేసింది, అది వేరే పోరాటం. షికాగో కౌన్సిల్ 2023లో ఐదేళ్లలో ఎత్తేసే చట్టం చేసింది. మసాచుసెట్స్‌లో 2024లో ఇదే ప్రశ్న బ్యాలెట్ మీదకొస్తే ఓడిపోయింది. న్యూయార్క్ నగరం యాప్ డెలివరీ వాళ్లకు 2023 డిసెంబర్ నుంచి గంటకు 17.96 డాలర్ల కనీస వేతనం తెచ్చింది, 2025 ఏప్రిల్‌కి అది 21.44 అయింది. ఇవేవీ కస్టమర్లు సున్నా టిప్పు రాయడం వల్ల రాలేదు. పనివాళ్లు వీధిలోకొచ్చి అడిగితే వచ్చాయి.

మంచి యజమాని ఒంటరిగా మార్చాలనుకున్నా ఎంత కష్టమో న్యూయార్క్‌లో డానీ మేయర్ అనుభవం చెబుతుంది. 2015లో తన రెస్టారెంట్లలో టిప్పులు ఎత్తేసి, ధరలు పెంచి, జీతాల్లో కలిపారు. పక్క రెస్టారెంట్లు అలా చేయలేదు. 2020లో మళ్లీ టిప్పులకే తిరిగొచ్చారు. నిజంగా జీతాలు పెరగాలని ఉంటే మీ నగరంలో ఈ ప్రశ్న బ్యాలెట్ మీదకొచ్చినప్పుడు ఓటు హక్కున్నవాళ్లు ఓటేయండి, లేనివాళ్లు కౌన్సిల్ సభ్యులకు రాయండి. అప్పటిదాకా బిల్లు మీద 18, 20 శాతం రాయండి.

సందేశంలో చిరాకు పూర్తిగా అబద్ధం కాదని మొదట్లోనే అన్నాను. కాఫీ కౌంటర్ దగ్గర మనమే నిలబడి, మనమే తీసుకుని వెళ్తుంటే స్క్రీన్ తిప్పి 25 శాతం అడగడం చాలామందికి ఒళ్లు మండే విషయం. అక్కడ పనిచేసేవాళ్లకు సాధారణంగా పూర్తి కనీస వేతనమే ఇస్తారు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, “నో టిప్” నొక్కినా తప్పేమీ లేదు. టేబుల్ దగ్గర కూర్చుని తిన్నప్పుడు, ఇంటికి తెప్పించుకున్నప్పుడు మాత్రం ఆ మాట చెల్లదు.

పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులో ముందే 18 శాతం వేశారేమో చూసుకోండి, రెండుసార్లు కట్టనక్కర్లేదు. కానీ అలా ముందే వేసిన చార్జీని ఐఆర్ఎస్ టిప్పుగా లెక్కపెట్టదు, సర్వీస్ చార్జీ అంటుంది. ఫెడరల్ చట్టప్రకారం అది రెస్టారెంట్ ఆదాయం, పనివాళ్లకు ఎంత పంచాలో యజమాని ఇష్టం. అందుకని మీకు సర్వ్ చేసిన మనిషినే మెల్లగా అడగండి, “ఇది మీకు వస్తుందా?” అని. రాదంటే ఆ మొత్తం తీసేయమని మేనేజర్‌ని అడిగి, టిప్పు ఆమె చేతికే ఇవ్వండి.