గడిలో పట్టని బతుకు

'ఏం పని చేస్తారమ్మా?' అని అడుగుతాడు సర్వేకు వచ్చిన ఉద్యోగి. 'ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంట' అంటుంది ఆమె. ఆ మాట అనేటప్పుడు ఆమె ఒళ్లో చాట ఉంటుంది. చాటలో రాత్రి నానబెట్టి పొద్దున కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు, దారం. జవాబు చెబుతూనే రెండు బీడీలు చుట్టి ముడేస్తుంది. ఆయన ఫారంలో 'గృహిణి' అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోతాడు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు తిరిగినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆయనా కావాలని తప్పు రాయలేదు. ఆమె లెక్కలో పని అంటే గడప దాటి పోయి చేసేది. ఆయన చేతిలో ఉన్నది ఒక గడి. ఇద్దరి మధ్యా రోజంతా నడుం వంచి చేసే కష్టం జారిపోయింది.

అదే మనిషి దగ్గర ఇంకో గంట కూర్చుని 'నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండమ్మా' అని అడిగితే కథ వేరే దారిలో నడుస్తుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఆకు కత్తిరించడం, పిల్లలు బడికి పోయేలోగా కొన్ని, వచ్చాక కొన్ని చుట్టడం, కట్టకు 25 చొప్పున కట్టి కార్ఖానాకు పట్టుకుపోతే బాగాలేవని పక్కన పడేసిన కట్టలు, ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో బయట కొన్న ఆకు, పీఎఫ్ నంబరు ఎవరి పేరు మీద ఉంది, బీడీ పెన్షన్ ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, మెడ నొప్పి, పెళ్లిచూపుల్లో 'పిల్లకు బీడీలు చేయొస్తదా' అని అడిగిన సంగతి. పని, పెళ్లి, ఒంటి నొప్పి, అప్పు ఆమె మాటల్లో విడివిడిగా ఉండవు. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి వస్తుంది. సామాజిక శాస్త్రాల్లో దీన్ని లోతైన ఇంటర్వ్యూ అంటారు. పేరు పెద్దదే గానీ అందులో చేసేది మాత్రం ఒకటే. తీరిగ్గా కూర్చుని, మనిషిని తన బతుకు తన మాటల్లో చెప్పనివ్వడం.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. మనది సర్వేల కాలం. 2011 తర్వాత వాయిదా పడుతూ వచ్చిన జనగణన 2027కు చేరింది. తెలంగాణ 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టింది. లెక్కలు అక్కర్లేదని మేం అనడం లేదు. లెక్క లేనిదే వాటా లేదు, నిధి లేదు, వాదన లేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా మొదటిసారి టైమ్ యూజ్ సర్వే చేయబట్టే జీతం లేని ఇంటిపనికి అది చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అమ్మ పొద్దస్తమానం చాకిరీ చేస్తుందని అందరికీ తెలుసు. అయిదు గంటలు అని అంకె పడ్డాకే అది కొట్టిపారేయలేని మాట అయింది.

మళ్లీ 2024లో అదే సర్వే చేశారు. ఈసారి ఆడవాళ్లవి 289 నిమిషాలు, మగవాళ్లవి 88. ఇద్దరికీ దాదాపు పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలు ఎక్కడ తగ్గాయి? గ్యాసు పొయ్యి వల్లా? ఇంటికి కుళాయి రావడం వల్లా? రాత్రి పూట టిఫిన్ సెంటర్ నుంచి పార్సిల్ తెచ్చుకోవడం వల్లా? ఆ మిగిలిన పది నిమిషాల్లో ఆమె కాసేపు నడుం వాల్చిందా, ఇంకో పని నెత్తినేసుకుందా? అంకె అక్కడితో ఆగిపోతుంది. ఆ పైన తెలియాలంటే ఎవరో ఒకరు ఆ వంటింటి గడప దగ్గర కూర్చుని అడగాల్సిందే.

ఇలా అడగడం వెనక ఓ చరిత్ర ఉంది. అమెరికాలో షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1928 నుంచి 1930 దాకా అక్కడ 21,000 మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట్లో అధికారులు ప్రశ్నలు రాసుకుని పోయారు. సూపర్‌వైజర్ ఎలా ఉన్నాడు, వెలుతురు సరిపోతోందా, ఇలా. కార్మికులు ఆ ప్రశ్నలకు ముక్తసరిగా జవాబిచ్చి తమ మనసులో ఉన్న వేరే సంగతిలోకి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లను మళ్లీ దారిలో పెట్టాలని చూసి చూసి, చివరికి 1929లో పద్ధతే మార్చేశారు. ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, మనిషి ఏది మాట్లాడితే అదే వినండి అన్నారు. అరగంటలో అయిపోయే సంభాషణ గంటన్నరకు పెరిగింది. ఆ ఫ్యాక్టరీ పరిశోధనల మీద విమర్శలు చాలానే ఉన్నాయి, కంపెనీ అవసరం కోసం చేసిన పని అది. కానీ ఆ పద్ధతిని నేర్పింది మాత్రం ప్రొఫెసర్లు కాదు, అడిగినదానికి కాకుండా చెప్పాలనుకున్నది చెప్పిన కార్మికులు.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది, అదీ గర్వంగా చెప్పుకోదగ్గ స్థాయిలో. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ ఊళ్లు తిరిగారు. టేప్ రికార్డర్ పెట్టుకుని గంటల తరబడి విన్నారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అది అచ్చయింది. అప్పటిదాకా ఆ పోరాటం గురించి రాసినవాళ్లలో చాలామంది స్త్రీల దగ్గరికి వచ్చేసరికి 'మహిళలు కూడా వీరోచితంగా పాల్గొన్నారు' అనే ఒక్క వాక్యంతో సరిపెట్టేవారు. ఆ 'కూడా'లో ఏముందో ఈ పుస్తకం విప్పి చూపింది. దళంతో అడవిలో తిరుగుతూ బిడ్డను కని, ఆ బిడ్డను దగ్గర ఉంచుకోలేక వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ మాటలు చదివినవాళ్లు మర్చిపోలేరు. పార్టీ నివేదికలో ఆ బాధకు చోటు లేదు. పోలీసు రికార్డులో అసలే లేదు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి అందరికీ తెలిసిన పేర్ల పక్కన ఎవరికీ తెలియని పేర్లు నిలబడ్డాయి. పోరాటం ఆగిపోయాక ఇంటికి పొమ్మన్నప్పుడు ఏ ఇంటికి పోవాలి అనే ప్రశ్న అప్పుడు గానీ బయటికి రాలేదు. ఇంతటి పని చేసింది ప్రభుత్వ శాఖ కాదు, విశ్వవిద్యాలయం ప్రాజెక్టూ కాదు. కొద్దిమంది స్త్రీలు పట్టుదలతో చేశారు.

'ముసలివాళ్లు తేదీలు తప్పు చెబుతారు, ఇదేం సాక్ష్యం' అని పెదవి విరిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు ఇటలీలోని టెర్నీ పట్టణం కథ చెప్పాలి. అక్కడ లూయిజి ట్రస్టుల్లీ అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చిలో, తమ దేశం నాటోలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఏళ్ల తర్వాత, జనం నోటి మాటల నుంచి చరిత్ర రాసే అలెస్సాండ్రో పోర్టెల్లీ ఆ ఊరి కార్మికులను కదిపితే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు. 1953లో ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేశారు, వీధుల్లో పెద్ద ఆందోళన జరిగింది. తోటి కార్మికుడు చనిపోయింది తమ ఉద్యోగాల కోసమే అయి ఉండాలని జనం మనసు కోరుకుంది. తేదీ తప్పే. కానీ ఆ ఊరికి ఏది పెద్ద గాయమో ఆ తప్పే చెప్పింది. పోర్టెల్లీ దస్తావేజులు చూశాడు కాబట్టే తప్పు పట్టుకోగలిగాడు. విన్నాడు కాబట్టే ఆ తప్పుకు అర్థం తెలుసుకోగలిగాడు. రెండూ కావాలి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఎవరు అడుగుతున్నారన్నది. 1930లలో అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు బానిసలుగా ఉన్న 2,000 మందికి పైగా వృద్ధుల జ్ఞాపకాలు రాయించింది. దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో ఒకే నల్లజాతి ముసలమ్మను 1937లో ఇద్దరు వేర్వేరుగా కలిశారు. అడిగింది తెల్లజాతి మనిషి అయినప్పుడు యజమాని మంచివాడే అన్నట్టు చెప్పింది. నల్లజాతి మనిషి అడిగితే కొరడా దెబ్బలు, విడగొట్టిన కుటుంబాలు, ఏడుపులు చెప్పింది. ఒకే నోరు, ఒకే ఊరు, రెండు జీవితాలు.

మన దగ్గర ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఊళ్లోకి పోయిన పరిశోధకుడు మొదట సర్పంచ్ ఇంట్లో టీ తాగి, ఆయన మనిషిని తోడు తీసుకుని ఎస్సీ కాలనీకి పోతే అక్కడ వినబడేది ఆ తోడొచ్చిన మనిషికి చెప్పదగ్గ మాటలే. కోడలితో మాట్లాడుతుంటే అత్త వసారాలో కూర్చుని ఉంటే 'అంతా మంచిగనే ఉంది' అన్న జవాబు వస్తుంది. ఠేకేదారు గుమ్మంలో నిలబడితే కూలి రేటు గురించి ఎవరూ నోరు విప్పరు. బొగ్గుబాయి కార్మికుడిని యూనియన్ ఆఫీసులో అడిగితే ఒకటి చెబుతాడు, క్వార్టర్ ముందు మంచం వేసుకుని కూర్చున్నప్పుడు ఇంకోటి చెబుతాడు. అందుకే ఈ పనికి చోటు ముఖ్యం, వేళ ముఖ్యం, మాట్లాడే మనిషి యాస తెలియడం ముఖ్యం. 'మీ పని పరిస్థితుల గురించి మీ అభిప్రాయం ఏమిటి' అని పుస్తకం భాషలో అడిగితే 'బాగానే ఉంది' తప్ప ఏమీ రాదు. 'మొదటిసారి బాయి దిగిన రోజు చెప్పు అన్నా' అంటే మాట ఆగదు. మధ్యలో ఆ మనిషి ఊరుకుంటే మనమూ ఊరుకోవాలి. ఆ మౌనం తర్వాత వచ్చే మాట కోసమే చాలాసార్లు అంత దూరం పోయేది.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. పీహెచ్‌డీ గడువు దగ్గరపడిన విద్యార్థి రెండు రోజుల్లో 30 మందిని 'ఇంటర్వ్యూ' చేసి వస్తాడు. ఆ టెన్షన్‌లో అతన్ని తప్పు పట్టలేం, ఫెలోషిప్ డబ్బు సమయానికి రాదు, ఊళ్లో నెల రోజులు ఉండటానికి ఖర్చు ఇచ్చేవాళ్లు లేరు. ఫోన్లో పావుగంట మాట్లాడినదానికీ లోతైన అధ్యయనం అని పేరు పెట్టేస్తున్నారు. రికార్డు చేసిన మాటను అచ్చ ప్రామాణిక భాషలోకి దిద్ది రాస్తున్నారు. 'పానం గుంజుతది' అన్న మాటను 'అలసట' అని రాస్తే మిగిలేదేమిటి? పత్రికలకూ ఈ తప్పులో వాటా ఉందని మేం ఒప్పుకోవాలి. గంట మాట్లాడిన మనిషి నుంచి హెడ్డింగుకు పనికొచ్చే ముక్క తెంపుకుని మిగతాది వదిలేసిన సందర్భాలు మాకూ ఉన్నాయి.

మాట్లాడిన మనిషి హక్కు సంగతి ఎవరికీ పట్టడం లేదు. అనుమతి పత్రం మీద సంతకమో, వేలిముద్రో తీసుకోవడంతో పని అయిపోయిందనుకుంటున్నారు. పేరు మార్చినా, చిన్న ఊళ్లో 'మగ్గం నేసే కుటుంబంలో రెండో కోడలు' అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రాసినది మళ్లీ తీసుకెళ్లి చదివి వినిపించి, 'ఈ మాట తీసేయండి' అంటే తీసేయాలి. ఇది దయ కాదు, కనీస మర్యాద.

వినడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు పోచంపల్లి చీర చూపిస్తే చాలు. చేనేత లెక్కల్లో నేసేవాళ్లు ఒక వరుస, అనుబంధ పనులు చేసేవాళ్లు ఇంకో వరుస. ఆసు పోయడం ఆ 'అనుబంధ' వరుసలోకే వస్తుంది. ఆ ఒక్క మాట కింద ఉన్నది ఇది: ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పిని రోజూ వింటూ పెరిగాడు. 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసి దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అతను కొడుకు కాబట్టి విన్నాడు. కొడుకులు కానివాళ్లు వినడానికి ఏర్పాటు ఉండాలన్నదే మా వాదన.

ఆ ఏర్పాటుకు ఆకాశమంత ఖర్చేమీ అవదు. రెండు రాష్ట్రాల్లోనూ సర్వేల కోసం పెట్టే డబ్బులో చిన్న భాగం పక్కన పెట్టి, ప్రతి జిల్లాలో కొన్ని కుటుంబాలను ఏడాదిలో మూడు నాలుగుసార్లు కలిసి వినే పని విశ్వవిద్యాలయాలకు అప్పగించాలి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాల విభాగాలు ఉన్నాయి, విద్యార్థులు ఉన్నారు. బీడీ కార్ఖానా ఊళ్ల నుంచి, మత్స్యకార పల్లెల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలనే అందుకు ఎంచుకుని, జీతం ఇచ్చి, శిక్షణ ఇచ్చి పంపాలి. రికార్డులు ఎవరి యాసలో ఉన్నవి వారి యాసలోనే భద్రపరచాలి. చెప్పినవాళ్లు ఒప్పుకున్న మేరకే అవి బయటికి రావాలి. ఒక ప్రతి వాళ్ల ఇంటికి చేరాలి.

దీనికి ఎక్కువ గడువు లేదు. 1951లో సాయుధ పోరాటం ముగిసేనాటికి ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. వాళ్లలో చాలామందిని ఇప్పటికే పోగొట్టుకున్నాం. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి మిల్లు ఎప్పుడో మూతపడింది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 చివర ఆగిపోయింది. అక్కడ పనిచేసినవాళ్లు, వాళ్లకు అన్నం క్యారియర్లు కట్టి పంపినవాళ్లు, మిల్లు ఆగిన నెలలో ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినవాళ్లు ఇంకా ఆ వాడల్లోనే ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో వరంగల్, బోధన్‌లతోనే మొదలుపెట్టవచ్చు.