కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది

నల్లగొండ జిల్లాలో మా మర్రిగూడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బోరు నీళ్లు మరిగిస్తే అందులోని ఫ్లోరైడ్, అంటే ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే లవణం, ఆవిరైపోతుందట. పరగడుపున చింతపండు రసం తాగితే వంగిన ఎముకలు తిన్నగా అవుతాయట. గారపళ్ల పిల్లలకు రేపు నడుము వంగడం ఖాయమట. మోకాళ్ల నొప్పి ఎవరికొచ్చినా అది ఫ్లోరైడేనట, డాక్టర్ దగ్గరికి పోవడం దండగట. నాలుగూ తప్పే. చింతపండు మాటలో మాత్రం గోరంత నిజముంది.

ముందు నీళ్ల సంగతి. మరిగేటప్పుడు ఆవిరయ్యేది నీళ్లే. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి చిక్కబడుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లు 10 లీటర్లు కాచి 8 లీటర్లు చేస్తే, లీటరుకు 5 అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. కాస్తే క్రిములు చస్తాయి, అంతే. ఫ్లోరైడ్ పోవాలంటే ఆర్‌వో ఫిల్టర్ కావాలి, లేదా పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ పద్ధతికి పేరే 'నల్లగొండ పద్ధతి'. ఇంట్లో మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా ఉంటే తాగడానికీ వంటకీ ఆ నీళ్లే వాడండి. అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడ్ కడుపులోకే పోతుంది.

ఇక చింతపండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో వచ్చిన ఆ అధ్యయనం చెప్పింది అంతవరకే. ఏళ్లతరబడి ఎముకలో పేరుకుని కీళ్లను బిగించేసిన ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు ఇప్పటికీ లేదు. నొప్పికి మందులు, వ్యాయామం, వెన్నుపాము నొక్కుకుపోతే కొందరికి ఆపరేషన్. ఆశపడి పులుసు తాగుతూ బోరు నీళ్లు మానకపోవడమే నన్ను భయపెడుతోంది.

మూడో మాట చాలా క్రూరమైనది. గారపళ్ల ఆడపిల్లను చూసి 'రేపు వంగిపోతది' అంటే ఆ తల్లి గుండె ఏమవుతుంది? పళ్ల మీద పింగాణీ చిన్నతనంలోనే, ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది. ఆ మరకలు అప్పటి నీళ్లవి. ఇప్పుడు మంచి నీళ్లు తాగే పిల్లకు నడుము వంగాలని ఏమీ లేదు. ఇది వంశంలో వచ్చేదీ కాదు, అంటుకునేదీ కాదు.

మోకాళ్ల సంగతికొస్తే, మా పెద్దమ్మ రెండేళ్లు 'ఫ్లోరైడే కదా, ఏం చేస్తం' అనుకుంటూ ఓర్చుకుంది. చివరికి డాక్టర్ ఆమెతో మూడు పనులు చేయించారు. గడ్డం ఛాతీకి తాకించమన్నారు. చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయమన్నారు. ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లకు ఇవి కష్టం. పెద్దమ్మ మూడూ చేసేసింది. ముంజేయి ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ ఆనవాలు కనిపించలేదు, మూత్ర పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువగా లేదు. మోకాలి ఎక్స్‌రేలో మాత్రం అరుగుదల తేలింది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం మంచం అంచున కూర్చుని, కాలు చాచి, పదిదాకా లెక్కబెట్టి దించుతుంది.