నికెల్ నిక్షేపాలు అదృష్టం కొద్దీ దొరుకుతాయా?

"పెద్ద పెద్ద నికెల్, రాగి నిక్షేపాలన్నీ అనుకోకుండా దొరికినవే. కెనడాలోని సడ్‌బరీ ఒక కమ్మరి కంట పడింది. అదే దేశంలోని వోయిసీస్ బే వజ్రాలు వెతకబోయినవారికి తగిలింది. ఇక భూగర్భ పరిశోధనకు ప్రజల సొమ్ము ఎందుకు? ఉపగ్రహ చిత్రాలు చూసి బోర్లు వేస్తే చాలు." సామాజిక మాధ్యమాల్లో తరచూ కనిపించే వాదన ఇది. నికెల్ కోసం దాదాపు పూర్తిగా దిగుమతుల మీద ఆధారపడిన మన దేశంలో ఈ మాటను నమ్మితే నష్టపోయేది మనమే.

మొదట సడ్‌బరీ సంగతి. 1883లో కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం వేస్తున్నప్పుడు టామ్ ఫ్లానగన్ అనే కమ్మరి తుప్పురంగు రాయిని గమనించిన మాట నిజం. కానీ అంతకు 27 ఏళ్ల ముందే, 1856లో, ఆల్బర్ట్ సాల్టర్ అనే సర్వేయరు ఆ ప్రాంతంలో దిక్సూచి ముల్లు పక్కకు తిరిగిపోవడాన్ని, అంటే నేలలో అయస్కాంత ఖనిజం ఉందనే సూచనను, గుర్తించాడు. కెనడా భూగర్భ సర్వే తరఫున అలెగ్జాండర్ మర్రే వెళ్లి రాళ్లు సేకరించాడు. పరీక్షిస్తే వాటిలో నికెల్, రాగి బయటపడ్డాయి. ఆ దగ్గరలోనే తర్వాత క్రైటన్ నికెల్ గని వెలిసింది. దారీతెన్నూ లేని అడవి కావడంతో నాడు ఎవరూ పట్టించుకోలేదు. అది పరిశోధన తప్పెలా అవుతుంది?

వోయిసీస్ బేలో అదృష్టం పాత్ర ఉంది, కాదనను. 1993లో లాబ్రడార్‌లో అల్బర్ట్ చిస్లెట్, క్రిస్ వెర్బిస్కీ ఒక కొండమీద తుప్పుపట్టిన రాతిని చూశారు. అయితే అసలు సంపద ఆ కొండమీద లేదు. దాదాపు 2.8 శాతం నికెల్ ఉన్న సుమారు 3.2 కోట్ల టన్నుల ఖనిజం పక్కనే, హిమానీనదాలు తెచ్చిపోసిన మట్టి కింద దాగి ఉంది. పైకి ఏ గుర్తూ లేని ఆ ముద్దను పట్టిచ్చింది విద్యుదయస్కాంత సర్వే (నేలలో విద్యుత్తు బాగా ప్రవహించే ఖనిజాన్ని పైనుంచే పసిగట్టే పద్ధతి), దాని వెంట వేసిన బోర్లు.

"బోర్లు వేస్తే చాలు" అనేవారు, ఎక్కడ వేయాలో మాత్రం చెప్పరు. భూమి లోతుల నుంచి పైకి వచ్చే శిలాద్రవంలో నికెల్, రాగి చాలా పలచగా ఉంటాయి. అలాగే చల్లబడితే అవి మామూలు రాయిలో చెదిరిపోతాయి. దారిలో గంధకం ఎక్కువగా ఉన్న రాళ్లను కరిగించుకుంటే మాత్రం, నీటిలో నూనెలా సల్ఫైడ్ (గంధకం, లోహం కలిసిన పదార్థం) బొట్లు విడిపడి లోహాలను తమలోకి లాక్కుంటాయి. ప్రవాహం నెమ్మదించే చోట, మార్గం వెడల్పయ్యే చోట ఆ బొట్లు అడుగున పేరుకుంటాయి. రష్యాలోని నోరిల్స్క్‌లో ఆ గంధకం బయటి రాళ్ల నుంచే చేరిందని గంధకపు ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చూపించాయి. అక్కడి అవక్షేపాల్లో గంధకం నిండిన అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొరలున్నాయి. ఆస్ట్రేలియాలో 1966లో బయటపడిన కంబాల్డాలోనైతే ఖనిజం పురాతన లావా కాలువల అడుగున దొరుకుతుంది. కాబట్టి ఏ చోట వెతకాలన్న ప్రశ్న మారిపోయింది: శిలాద్రవం ఏ దారిన పారింది, గంధకం ఎక్కడ కలిసింది, ఎక్కడ నిలిచింది? ఏళ్ల తరబడి రాళ్లను కోసి, సూక్ష్మదర్శిని కింద చూసి, రసాయన పరీక్షలు చేసినవారు సంపాదించిన జ్ఞానం ఇది. ఒక్కో బోరుకు అయ్యే ఖర్చు తెలిసినవారెవరూ దీన్ని వృథా అనరు.

ఇక ఉపగ్రహాలు. అవి చూసేది నేల పైభాగాన్ని మాత్రమే. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ అనే గనిలో రాగి 300 మీటర్లకు పైగా మందమున్న రాతిపొరల కింద ఉంది. ఇది నికెల్ గని కాదు, నిజమే. కానీ బసాల్ట్ అనే నల్లటి లావా రాళ్ల నుంచి రాగి ఎలా కదిలిపోతుందో వివరించిన సిద్ధాంతాన్ని, భూమి గురుత్వాకర్షణలో, అయస్కాంత క్షేత్రంలో తేడాలను కొలిచే సర్వేలను కలిపి చూసి 1975లో అక్కడ బోరు వేశారు. సరిగ్గా రాగి తగిలింది.

నికెల్ ఉదాహరణే కావాలంటే 2020 నాటిది ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, పొలాల కింద, నికెల్, రాగి, పల్లాడియం అనే విలువైన లోహం ఉన్న గానవిల్ నిక్షేపం దొరికింది. దశాబ్దాలుగా మనుషులు దున్నుకుంటున్న నేల అది. అక్కడ ఏదో ఉందని ముందుగా సూచించింది విమాన సర్వేలో నమోదైన అయస్కాంత క్షేత్రపు తేడా.