కన్నీళ్లకు వెయిటేజీ, పాటకు గ్రేస్ మార్కులు

అమీర్‌పేటలో ఒక గది అద్దెకు వెతుకుతున్నాను. మూడో అంతస్తయినా పర్వాలేదు, లిఫ్టు లేకపోయినా పర్వాలేదు, పక్క గదిలో జావా క్లాసు నడుస్తున్నా అభ్యంతరం లేదు. టీవీ పాటల పోటీలకు అక్కడ కోచింగ్ సెంటర్ పెట్టబోతున్నాను. గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ, ఆఖరికి ఇంగ్లీషులో పలకరించడానికీ కోచింగ్ ఇచ్చే జాతి మనది. అలాంటిది ఇంత పెద్ద ప్రవేశపరీక్షను ఇన్నేళ్లూ గాలికొదిలేశామంటే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

మా వీధిలో ఒక సంగీతం మాస్టారున్నారు. ఆయన దగ్గర చేరిన పిల్ల సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణం దగ్గరికొచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆడిషన్ అంతవరకూ ఆగుతుందా? మాది 45 రోజుల క్రాష్ కోర్సు. ఫ్యాకల్టీగా రమ్మని ఆయన్నే అడిగాను.

‘‘ఏం చెప్పాలి బాబూ?’’ అన్నారు.

‘‘వారానికో గంట శ్రుతి, లయ చెప్పండి మాస్టారూ.’’

‘‘మిగతా రోజులు?’’

‘‘ఏడవడం నేర్పిస్తాం.’’

ఆయన నా వంక చాలా జాలిగా చూశారు. ఆ చూపు క్లోజప్‌లో పట్టుకుంటే ప్రోమోకి ఎంత పనికొచ్చేదో!

సిలబస్‌లో మొదటి పేపరు జీవితగాథ. దీనికే ఎక్కువ మార్కులు. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషను తొక్కే తల్లి ఉన్న పిల్లలకు ఇక్కడ సహజంగానే ర్యాంకు వస్తుంది. వాళ్ల కష్టం నిజమైనదే. దాన్ని ఏ వాయిద్యం పక్కన, ఎన్ని సెకన్లు చూపించాలన్నదే టీవీ వాళ్ల విద్య. నా బెంగంతా తండ్రి బ్యాంకు మేనేజరుగా ఉన్న పిల్లల గురించి. కష్టాలు లేకపోవడమే వీళ్లకొచ్చిన పెద్ద కష్టం. వీళ్లకోసం ప్రత్యేకంగా ‘ఇంటి షూటింగ్’ ప్రాక్టికల్స్ ఉంటాయి. తాతగారి ఫొటోకి కొత్త దండ వేయాలి, హార్మోనియం మీది దుమ్ము తుడవకూడదు, గిన్నెలో ఏమీ లేకపోయినా అమ్మ గరిటె తిప్పుతూనే ఉండాలి.

రెండో పేపరు, పొగడ్తలు స్వీకరించడం. న్యాయనిర్ణేత కుర్చీలోంచి లేచేలోపు పిల్లవాడి చేతులు జోడించి ఉండాలి, కళ్లు అప్పటికే తడిసి ఉండాలి. విమర్శ ఎదురైతే ఎలాగని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. అనవసర భయం, అది సిలబస్‌లోనే లేదు. 2021లో హిందీ పాటల పోటీ ‘ఇండియన్ ఐడల్’ వాళ్లు కిశోర్ కుమార్ పాటలతో ప్రత్యేక ఎపిసోడ్ చేసి, ఆయన కుమారుడు అమిత్ కుమార్‌ని అతిథిగా పిలిచారు. ఎవరెలా పాడినా పొగడమన్నారు, పొగిడాను అని ఆయన తర్వాత ఇంటర్వ్యూలో చెప్పేశారు. అడిగినంత పారితోషికం ఇచ్చారన్న సంగతీ దాచలేదు. ఈయనంత నిజాయితీగల న్యాయనిర్ణేతను నేను టీవీలో చూడలేదు. కాకపోతే ఆ నిజాయితీ ఎపిసోడ్ అయిపోయాక బయటపడింది.

మూడో పేపరు ఓట్లు. ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అన్నారు పెద్దలు. శిశువుకూ పశువుకూ పాముకూ గానరసం తెలుసట, సరే. ఈ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా సెల్‌ఫోనుందా? ఉన్నది మనవాళ్ల దగ్గర. 2006లో మన తెలుగు గాయకుడు కారుణ్య ఆ ‘ఇండియన్ ఐడల్’లోనే రెండో స్థానంలో ఆగిపోతే మనకు గుర్తొచ్చింది ఆయన పాడిన పాటలు కాదు, పంపకుండా మిగిలిపోయిన ఎస్సెమ్మెస్సులు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ అదే పోటీలో గెలిచి మన రుణం తీర్చారు. రేవంత్ గెలవడానికి రెండేళ్ల ముందే ‘బాహుబలి’కి పాడేసి ఉన్నాడు. ఉద్యోగంలో చేరిపోయాక ఇంటర్వ్యూకి వెళ్లడమంటే ఇదే. ఆ సినిమాకు పాడిన గొంతు ఎవరిదో దేశానికి తెలియాలంటే మళ్లీ వరసలో నిలబడి నంబరు తగిలించుకోవాల్సి వచ్చింది. మా ప్లేస్‌మెంట్ సెల్ దీన్ని గట్టిగా ప్రచారం చేస్తుంది.

ఇక్కడ ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి బాలు గారి పేరెత్తుతారు. వ్యాపారం తెలిసినవాడిగా నేను సమాధానం చెప్పక తప్పదు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఆయన పిల్లల చేత పాడించి ఊరుకునేవారు కాదు. శ, ష, సలు ఒకటే అయిపోతే పట్టుకునేవారు. రాసిన కవి పేరు అడిగేవారు. ఒక మాట ఎలా విరవాలో తానే పాడి చూపించేవారు. దాంతో ఓడిపోయిన పిల్లవాడు కూడా ఏదో ఒకటి నేర్చుకుని ఇంటికెళ్లేవాడు. ఓడినవాడికి లాభం రావడం ఏ వ్యాపారంలోనైనా ఘోరమైన తప్పు. అదీ ప్రైవేటు ఛానలే, అక్కడా సబ్బుల ప్రకటనలు వచ్చేవి. కానీ పాట అయ్యాక వచ్చేవి.

అసలు ఆయన కూడా పోటీలోంచి వచ్చినవాడే. మద్రాసులో కుర్రాడిగా పాడిన పోటీలో ఘంటసాల గారు న్యాయనిర్ణేతల్లో ఒకరు. 1966లో మొదటి సినిమా పాట రికార్డయింది. అప్పుడే ఫోను ఓటింగు ఉంటే నెల్లూరు నుంచి ఎన్ని ట్రంకాల్స్ వెళ్లాలో, లైను కలిసేలోపు ఆ కుర్రాడు ఇంజనీరింగు పూర్తి చేసి ఏ ఆఫీసులో కూర్చునేవాడో.

గురువుల సంగతీ అడుగుతున్నారు. మా సెంటర్లో ఒకే గురువు, గురువారం. రేటింగులు వచ్చేది ఆ రోజే. ఆయన దిద్దితే ఎవరైనా దిద్దుకోవాల్సిందే. పోయిన వారం ఏడిపించినవాళ్లని ఈ వారం ఇంకాస్త ఏడిపించమంటే ఏడిపించాల్సిందే. శ్రుతి తప్పితే ఎడిటింగులో సరిచేసే యంత్రాలున్నాయి. రేటింగు తప్పితే సరిచేసే యంత్రం ఇంకా రాలేదు.

నిన్న సాయంత్రం గది దొరికింది. ఇంటాయన మొదట ససేమిరా అన్నారు. ‘‘పాటల క్లాసులా? వద్దండీ. కింద హాస్టల్లో పిల్లలు చదువుకుంటుంటారు, గోల కుదరదు’’ అన్నారు. నేను జేబులోంచి సిలబస్ తీసి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. వెనక్కి తిప్పి మళ్లీ ఒకసారి చూశారు.

‘‘రెండు నెలల అడ్వాన్సు’’ అన్నారు.