పీస్ వెనుక ముడి, కామ్ వెనుక ఎండ

శాంతికి ఇంగ్లీషు మాటైన పీస్ (peace) గురించి మీరు రాసిన వ్యాసంలో, పీస్ అంటే యుద్ధం లేకపోవడమేనని తేల్చేశారు. ఆ మాట పుట్టుక చూస్తే అర్థం ఇంకా పెద్దదండీ. లాటిన్‌లో పాక్స్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలధాతువుకి బిగించడం, కట్టడం అని అర్థం. ఒప్పందం అనే అర్థమున్న పాక్ట్ కూడా ఆ కుదురులోదే. మన సంధి కూడా అంతే కదా, రెండింటిని కలపడం!

నాకు బాగా నచ్చింది పే అనే మాట. డబ్బు చెల్లించడానికి వాడే ఈ పే కూడా పాక్స్ సంతానమే. మొదట్లో దాని అర్థం శాంతపరచడం, అంటే అప్పిచ్చినవాడిని తృప్తిపరచడం. మా అమలాపురం వైపు కౌలురైతుల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇది నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ధాన్యం డబ్బులు వచ్చి, పాత బాకీ తీర్చిన రాత్రి మా నాన్న కంటినిండా నిద్రపోయేవాడు. అంతవరకూ ఇంట్లో అందరికీ టెన్షనే.

ప్రశాంతం అనే అర్థమున్న కామ్ (calm) మాట ఇంకా విచిత్రం. దాని మూలం గ్రీకులో కౌమా, అంటే మండే వేడి. మధ్యాహ్నపు ఎండకి పని ఆపి విశ్రాంతి తీసుకునే వేళ నుంచి నిశ్చలత అనే అర్థం వచ్చింది. మే నెలలో కొబ్బరితోటలో నులకమంచం మీద పడుకున్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఆకు కదలదు, పంటకాలువలో నీళ్లు అద్దంలా ఉంటాయి, గేదెలు కూడా నెమరు ఆపేస్తాయి.

పసిఫిక్ మహాసముద్రానికి 1520లో పోర్చుగీసు నావికుడు మాజెలాన్ పెట్టిన పేరూ ఈ పాక్స్ నుంచి వచ్చిందే. దాని గురించీ ఒక వ్యాసం రాయండి.