ఢిల్లీ క్రైమ్ రెండో సీజన్: చద్దాకి చప్పట్లు కొట్టినవాళ్లతో నా పేచీ

నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఢిల్లీ క్రైమ్ రెండో సీజన్ విషయంలో నాకు సిరీస్‌తో కన్నా చూసినవాళ్లతోనే పేచీ ఎక్కువ. అందులో విరేన్ చద్దా అని రిటైరైన పోలీసాఫీసరు ఉంటాడు. అతన్ని మనవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. కథంతా అయిపోయి, అతని అంచనా తప్పని తేలాక కూడా!

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. ముగింపు కూడా చెప్పేస్తున్నా, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. 2022లో వచ్చింది, ఐదు ఎపిసోడ్లు. ఢిల్లీలో వృద్ధుల ఇళ్లలో వరస హత్యలు. ఒంటికి నూనె, లోదుస్తులు, అచ్చం పాత ‘కచ్ఛా బనియన్’ దోపిడీ ముఠా పద్ధతి. డీసీపీ వర్తికా చతుర్వేది మీద పైనుంచి ఒత్తిడి. ఆ ముఠాల సంగతి తెలిసినవాడని చద్దాని పిలిపిస్తారు. అతను వచ్చీ రాగానే విముక్త జాతి వాళ్లుండే (అంటే ఒకప్పుడు బ్రిటిష్ చట్టం పుట్టు నేరస్థులని ముద్ర వేసిన కులాలవాళ్లుండే) బస్తీ మీద పడతాడు. దొరికినవాళ్లని దొరికినట్టు పట్టుకొస్తారు. ఒక లాయరు అడ్డం తిరుగుతాడు. చివరికి తేలేదేమిటంటే, హత్యల వెనక ఉన్నది లత అనే బ్యూటీషియన్. ఆ బస్తీకి ఈ హత్యలతో ఏ సంబంధమూ లేదు. పాత ముఠా వేషం కడితే పోలీసులు ఎటు పరిగెత్తుతారో అసలు హంతకులకి బాగా తెలుసు.

ఈమధ్య చెన్నై వేళచ్చేరిలో మా తెలుగువాళ్లం కొందరం కలిసి దీన్ని మళ్లీ పెట్టుకుని చూశాం. చద్దా బస్తీలోకి దిగిన సీన్‌లో “ఇదీ పోలీసంటే” అన్నాడు మా బావ. లాయరు మాట్లాడుతుంటే “వీడెవడ్రా మధ్యలో, ఫార్వర్డ్ చెయ్” అన్నాడు ఇంకొకడు. సరే, అప్పటికి కథ తెలియదు, అనుకోవచ్చు. లత సంగతి బయటపడ్డాక నేనే అడిగాను, “ఇప్పుడేమంటావ్ బావా?” అని. తడుముకోకుండా చెప్పాడు: “ఈసారి వాళ్లు కాకపోవచ్చు. మామూలుగా వాళ్లేగా?”

ఆ ‘మామూలుగా’ అన్న మాటే ఒకప్పుడు చట్టం. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌లో ఫలానా నేరం ఫలానావాడు చేశాడని రుజువు చేయాల్సిన పని లేదు. ఫలానా కులంలో పుడితే చాలు. పేరు రిజిస్టర్లోకి ఎక్కుతుంది, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. 1911 చట్టంతో వేలిముద్రలు తీసుకోవడమూ మొదలైంది, ఇది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అంటే ఎరుకల వాళ్ల మీద ఉత్తర్వులు వెళ్లింది మనం ఉంటున్న ఈ చెన్నై నుంచే. అప్పట్లో ఇక్కడి ప్రభుత్వంలో హోం శాఖ చూసే మెంబరుగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీదే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. ఇలా ముద్రపడ్డ ఎరుకల వాళ్లని ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటు అది. అక్కడివాళ్ల చేత చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చేయించారు. తమిళనాడు వాళ్లకి ఈ చట్టం గురించి చెప్పనక్కర్లేదు. 1920లో మదురై దగ్గరి ఉసిలంపట్టి ప్రాంతంలో పెరుంగామనల్లూరు ఊళ్లో, వేలిముద్రలు వేయబోమన్న కళ్లర్ కులస్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

అంతకుముందు ఎరుకల వాళ్లు ఏం చేసేవారో మా బావకి తెలుసా? కోస్తా నుంచి ఉప్పు గాడిదల మీదా ఎద్దుల మీదా లోపలి ఊళ్లకి మోసుకెళ్లి అమ్మేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లొచ్చి ఉప్పు మోయడం మొదలుపెట్టాయి, అడవి చట్టాలొచ్చి వెదురూ మేతా ఆపేశాయి. బతుకుతెరువు పోయినవాళ్లు ఊళ్లు తిరుగుతుంటే, తిరగడమే నేరమన్నారు.

చెన్నై నుంచి మా ఊరెళ్లే రైల్లో, చీరాల దాటి బాపట్ల వచ్చేలోపు స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. ఒకసారి ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ ఆ బోర్డు చూసి, సీటు కింద బ్యాగుని కాలితో లోపలికి తోసింది. కొంగు లాక్కుని చెవుల మీద కప్పుకుంది. పక్కన మనవరాలి గాజుల చెయ్యి కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి తీసింది. బండి అక్కడ ఆగను కూడా లేదు. ఆ పిల్లకి ఎనిమిదేళ్లుంటాయేమో. ఎందుకమ్మమ్మా అని అడిగితే ఆవిడ ఏం చెప్పిందో ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ బోగీలో మాత్రం అమల్లోనే ఉంది.

వర్తికగా చేసిన షెఫాలీ షా గురించి, లతగా చేసిన తిలోత్తమా షోమ్ గురించి మీరు ఎంత పొగిడినా నేనూ మీతో గొంతు కలుపుతా. లత ముఖంలో ఆ ఆశ, ఆ కసి రెండూ ఒకేసారి చూపించడం మామూలు విషయం కాదు. కాకపోతే తీసినవాళ్లని కూడా ఒక మాట అడగాలి. భయపెట్టడానికి నూనె రాసుకున్న ఒళ్లు, చీకటి, రక్తం, అన్నీ కళ్లముందు పెట్టారు. ఆ భయం తప్పని చెప్పడానికొచ్చేసరికి ఎక్కువగా లాయరు మాటలమీదే వదిలేశారు. ఆ మాటల్నేగా మావాళ్లు ఫార్వర్డ్ చేయమన్నది! ఆ బస్తీలో ఒక్క ఇంట్లో, పట్టుకెళ్లినవాడి కోసం ఎదురుచూసే మనిషి దగ్గర కెమెరా ఇంకాస్త నిలబడి ఉంటే మా గదిలో వాదన వేరుగా ఉండేదని నా నమ్మకం.

“పాత రోజుల సంగతి ఇప్పుడెందుకు” అనేవాళ్లు కూడా ఉన్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో తీర్పిచ్చేదాకా జైలు మాన్యువల్స్‌లో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు ఉన్నాయి. విముక్త జాతుల వాళ్లని పుట్టుకతోనే నేరస్థులుగా చూసే రాతలు కూడా ఉన్నాయి. అది ఏ కాలం సంగతి మరి?

చద్దా కరెక్టేనని ఇంకా అంటున్న మా బావకీ, కింద కామెంట్లలో రాబోయే మిగతా బావలకీ ఒకటే అడుగుతున్నా. బస్తీలోంచి మనుషుల్ని లాక్కొచ్చిన రోజున అతని చేతిలో ఏముంది? వాళ్లని చూసిన సాక్షి ఉన్నాడా, దొంగసొత్తు దొరికిందా, వేలిముద్ర కలిసిందా? నేను ఆ భాగం వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. పాత ముఠాతో పోలిక తప్ప నాకేం కనపడలేదు. మీకు కనపడితే ఏ ఎపిసోడ్లో, ఏ సీన్‌లోనో రాయండి.